దారిలో బండివాళ్ల పలకరింపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బండి నేర్పేవాళ్లు క్లచ్ ఎలా వదలాలో చెప్తారు, బ్రేకు ఎంత నొక్కాలో చెప్తారు. ఎదురుగా వస్తున్న బండి మీద ఎవరో తెలియని మనిషి చేయి ఎత్తితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఏళ్ల తరబడి బైకు, స్కూటర్ రెండూ నడుపుతున్నాను కాబట్టి కొత్తవాళ్లు నన్ను ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

ముక్కూమొహం తెలియనివాళ్లను ఎందుకు పలకరించాలి?

రెండు చక్రాల మీద వెళ్లేవాళ్లకు చుట్టూ రేకు ఉండదు. వాన పడితే తడుస్తాం, ఎండ కాస్తే మాడిపోతాం, మలుపులో గుప్పెడు కంకర కనిపించినా గుండె జారుతుంది. కారులో ఉన్నవాళ్లకు ఆ కంకర ఉన్నట్టే తెలియదు. ఎదురుగా వచ్చే బండి మీదున్న మనిషికి తెలుసు. ఆయనో ఆమో ఇప్పుడే ఆ మలుపు దాటి వచ్చారు, మీరు అందులోకి వెళ్లబోతున్నారు. ఆ క్షణంలో ఒక్కసారి తల ఊపితే 'చూశాను, జాగ్రత్తగా వెళ్లు' అన్నట్టే.

కూడలిలో బండిని గుద్దిన కారు డ్రైవరు నోట మొదట వచ్చే మాట ఏమిటో బండివాళ్లందరికీ తెలుసు: 'చూడలేదండీ'. రోజూ ఆ భయంతో బండి నడిపే మనిషికి, ఎదుటి నుంచి ఒకరు 'నిన్ను చూశాను' అని చెప్పడం చిన్న విషయం కాదు.

నా మటుకు నాకు ఆ పలకరింపులో ఇంకో మాట కూడా ఉంది. నీ బండి దారిలో ఆగిపోతే నేను ఆగుతాను అని. దాని సంగతి కింద చెప్తాను.

ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారు?

హార్లీ-డేవిడ్సన్ కంపెనీ 1903లో మొదలైంది. ఆ మరుసటి ఏడాది విలియం హార్లీ, ఆర్థర్ డేవిడ్సన్ తమ బండ్ల మీద ఎదురెదురుగా వస్తూ చేతులు ఊపుకున్నారనీ, చూసినవాళ్లు అదే బండివాళ్ల పద్ధతి అనుకుని పాటించడం మొదలుపెట్టారనీ ఒక కథ తిరుగుతూ ఉంటుంది. వినడానికి బాగుంటుంది గానీ అది కథే. ఖాళీ దారిలో మనిషికి మనిషి ఎదురైతే పలకరించడం బండ్లు పుట్టకముందు నుంచీ ఉంది. గుర్రాల మీద వెళ్లేవాళ్లు పలకరించుకున్నారు, పడవల వాళ్లు ఇప్పటికీ పలకరించుకుంటారు. పైగా తొలి రోజుల్లో మోటారు బండి అంటే ఏ మైలుకు ఆగిపోతుందో తెలియని యంత్రం. బాగుచేసే మనిషి దగ్గర్లో ఉండేవాడు కాదు. ఎదురొచ్చే మరో బండివాడే మెకానిక్కు, వాడే తోడు. అలాంటి చోట పలకరింపు పుట్టకపోతేనే ఆశ్చర్యం.

ఎప్పుడూ ఎడమ చేయే ఎందుకు?

కుడి చేతికి ఖాళీ లేదు. యాక్సిలరేటర్ కుడి పిడిలో ఉంటుంది, ముందు బ్రేకు లివర్ కూడా అక్కడే ఉంటుంది. కుడి చేయి తీస్తే యాక్సిలరేటర్ స్ప్రింగు లాగేసుకుంటుంది, బండి కుదుపుగా నెమ్మదిస్తుంది, బరువు ముందుకు పడుతుంది. ఆపే శక్తిలో పెద్ద వాటా ఇచ్చే ముందు బ్రేకు కూడా ఆ క్షణం మీ చేతిలో ఉండదు. ఎడమ చేతి కింద ఉండేది క్లచ్. టాప్ గేరులో తిన్నటి రోడ్డు మీద వెళ్తున్నప్పుడు క్లచ్‌తో పని ఉండదు. అందుకే ఎడమ చేయి.

ఇది బైకు లెక్క. స్కూటర్ లెక్క వేరు, చాలామంది ఇక్కడే పొరబడతారు. గేర్లు లేని స్కూటర్‌లో ఎడమ లివర్ అంటే క్లచ్ కాదు, వెనక బ్రేకు. కాలి దగ్గర ఇంకో బ్రేకు ఉండదు. బైకు మీద ఎడమ చేయి తీసినా వెనక బ్రేకు కుడి కాలి కింద అలాగే ఉంటుంది. స్కూటర్ మీద ఎడమ చేయి తీస్తే వెనక బ్రేకు చేజారినట్టే. పాత గేర్ల స్కూటర్లలో వెనక బ్రేకు కాలి కిందే ఉంటుంది గానీ, గేరు మార్చాలంటే ఎడమ పిడినే తిప్పాలి.

చక్రాల సంగతి కూడా చూడండి. బైకులకు మామూలుగా 17, 18 అంగుళాల చక్రాలు ఉంటాయి, స్కూటర్లకు ఎక్కువగా 10, 12 అంగుళాలవి. పెద్ద చక్రం దొర్లుకుంటూ దాటేసే గుంతలో చిన్న చక్రం దిగబడి హ్యాండిల్‌ను విదిలిస్తుంది. ఒంటి చేత్తో పట్టుకున్నప్పుడు ఆ విదిలింపు ఎలా ఉంటుందో ఒకసారి అనుభవిస్తే మర్చిపోరు. కాబట్టి స్కూటర్ మీద ఉన్నవాళ్లు తల ఊపి ఊరుకుంటే అది మర్యాద తక్కువ కాదు.

తల ఊపితే సరిపోతుందా? అది ఎదుటివాళ్లకు కనిపిస్తుందా?

నిక్షేపంగా కనిపిస్తుంది. బండి మీద మనిషిని చూసేటప్పుడు కళ్లు ముందు వెళ్లేది హెల్మెట్ మీదికే. బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల తల ఊపడమే అసలు పలకరింపు. దానికి కారణం రోడ్డే. అక్కడ బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి ఎదురు బండి మీ కుడి వైపు నుంచి దాటుతుంది. కుడి చేయి తీయడం కుదరదు, ఎడమ చేయి కిందికి చాపితే అది మీ బండికి అవతలి పక్కన పడుతుంది. మిగిలింది తలే. కుడి పక్కన నడిచే దేశాల్లో ఎదురు బండి ఎడమ వైపు నుంచి వస్తుంది, ఖాళీగా ఉన్న చేయీ ఎడమదే. అక్కడ చేయి ఊపడం పెరిగింది. ఒక దేశపు బండివాళ్లు మొహమాటస్తులు, ఇంకో దేశం వాళ్లు సరదా మనుషులు అని కొందరు అంటుంటారు. నాకైతే చాలావరకు రోడ్డు ఏ పక్కన నడుస్తారన్నదే తేల్చేసినట్టు కనిపిస్తుంది.

తల కిందికి ఊపాలా, పైకి ఎగరేయాలా, పక్కకి వంచాలా అని కూడా అడుగుతారు. ఏదైనా పరవాలేదు. నేను గడ్డాన్ని ఒక్క వేలెడు కిందికి దించి పైకి తెస్తాను. కళ్లు మాత్రం రోడ్డు మీంచి తీయను. హెల్మెట్ బరువుగా ఉన్నప్పుడు గట్టిగా ఊపితే చూపు చెదురుతుంది.

నవ్వు మాత్రం నిండు హెల్మెట్ లోంచి బయటికి రాదు. అయినా నవ్వొస్తే నవ్వండి.

రెండు వేళ్లు చూపిస్తారు కదా, దాని అర్థమేమిటి?

ఎడమ చేయి కిందికి చాపి చూపుడు వేలు, మధ్య వేలు విడదీసి నేల వైపు చూపిస్తే 'రెండు చక్రాలు కిందే ఉండాలి' అని చాలామంది చెప్పే అర్థం. అంటే పడిపోవద్దు, క్షేమంగా చేరు అని. ఈ అర్థం తర్వాత అతికించిందే కావచ్చు, కానీ మంచి అర్థం. ఫ్రాన్స్‌లో ఈ రెండు వేళ్ల గుర్తే మామూలు పలకరింపు. స్పెయిన్‌లో బండివాళ్లు ఒకరికొకరు రాసుకునే సందేశాల చివర కూడా ఆ వేళ్ల ఆకారంలో ఉండే ఇంగ్లీషు V అక్షరాన్నే సంతకంలా పెడతారు. జర్మనీలో అయితే 'పలకరింపుకు ఎడమ చేయి' అనే మాటనే పొట్టిగా చేసి ఉత్తరం చివర వాడతారు. అమెరికాలో చేయి తుంటి కంటే కిందికి జార్చి చూపించడం ఎక్కువ.

జపాన్‌లో దీనికి ఒక పేరే ఉంది: యాయే. ఇంగ్లీషులో 'యే' అని ఉత్సాహంగా అనే మాటను ఇంటర్నెట్‌లో అక్షరాలు అటూ ఇటూ చేసి టైపు చేస్తే, ఆ తప్పే అందరికీ నచ్చి పేరుగా నిలిచిపోయింది. అక్కడ రోడ్డు ఎడమ పక్కనే నడుస్తుంది, అయినా వేళ్లు చూపిస్తారు. ఉత్తరాన హొక్కైడో దీవిలోని పొడవాటి ఖాళీ రోడ్ల మీద ఇది బాగా కనిపిస్తుంది. రోడ్డును బట్టి పలకరింపు అని నేను పైన చెప్పిన సూత్రానికి జపాన్ లొంగదన్నమాట.

చేయి ఎత్తులో పెట్టి ఊపడం కంటే కిందికి జార్చడమే నేను చెప్పే సలహా. వేగంలో ఎత్తిన చేతిని గాలి వెనక్కి లాగుతుంది, భుజం తిరుగుతుంది, భుజంతో పాటు హ్యాండిలూ కదులుతుంది.

నన్ను దాటి వెళ్లిన బైకువాళ్లు కాలు పక్కకి చాపారు. తన్నబోయారా?

కాదు, థాంక్స్ చెప్పారు. ఫ్రాన్స్‌లో, చుట్టుపక్కల దేశాల్లో ఇది బాగా అలవాటు. కారు కాస్త పక్కకి జరిగి దారి ఇస్తే, దాటుతున్న బండివాళ్లు ఆ పక్క కాలిని ఒక్క క్షణం చాపి లోపలికి తీసుకుంటారు. చేతులు రెండూ హ్యాండిల్ మీదే ఉంటాయి కాబట్టి ఇంతకంటే తెలివైన పలకరింపు లేదనిపిస్తుంది. తెలియని చోట మాత్రం దీన్ని వాడకండి. కారులో ఉన్నవాళ్లకు మీకు వచ్చిన అనుమానమే వస్తుంది.

బైకువాళ్లు స్కూటర్లను పలకరించరని అంటారు. నిజమేనా?

కొంతమంది పలకరించరు. ఎందుకలా అయిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

1946లో ఇటలీలో పియాజియో కంపెనీ వెస్పా స్కూటర్ తెచ్చింది. దాన్ని గీసిన కొరాడీనో దస్కానియో విమానాలు, హెలికాప్టర్ల ఇంజినీరు. ఆయనకు మోటార్‌సైకిళ్లంటే గిట్టేది కాదు. బట్టలకు నూనె మరకలు, కాళ్ల మధ్య వేడి ఇంజిను, టైరు మార్చాలంటే తంటా. అందుకే ఆయన ఇంజిన్‌కు మూత వేశాడు, కాళ్లకు అడ్డంగా రేకు పెట్టాడు, గేరును చేతి పిడిలోకి తెచ్చాడు, కాలు ఎత్తి దాటకుండా ఎక్కేలా మధ్యలో ఖాళీ వదిలాడు. మరుసటి ఏడాది మిలాన్ నుంచి లాంబ్రెట్టా వచ్చింది. అంటే స్కూటర్ పుట్టుకలోనే 'బైకులో ఉన్న బాధలు నాకొద్దు' అనే మాట ఉంది. బాధలు పడటమే గొప్ప అనుకునే బైకువాళ్లకు ఆ మాట నచ్చలేదు.

ఆ తేడా బ్రిటన్‌లో ముదిరింది. 1960ల మొదట్లో అక్కడి కుర్రాళ్లలో రెండు వర్గాలు. ఇస్త్రీ సూట్లు, స్కూటర్లు, వాటికి వరసగా అద్దాలు తగిలించుకున్నవాళ్లు మాడ్స్. తోలు కోట్లు, ట్రయంఫ్, నార్టన్, బీఎస్‌ఏ బైకులు ఉన్నవాళ్లు రాకర్స్. 1964లో సెలవు రోజుల్లో క్లాక్టన్, మార్గేట్, బ్రైటన్ సముద్రతీరాల్లో గొడవలయ్యాయి. మాడ్స్, రాకర్స్ మధ్య కొట్లాటలంటూ పత్రికలు వాటిని బాగా పెద్దవి చేసి రాశాయి. ఆ గొడవల్లో ఉన్నవాళ్లు ఇప్పుడు తాతలు. కానీ ఆనాటి కోపం ఎందుకో తెలియనివాళ్లు కూడా దాని తాలూకు అలవాటును మోస్తున్నారు.

ఇంకో వైపు చూడండి. హోండా సూపర్ కబ్ 1958లో వచ్చింది. అటు పూర్తి స్కూటరూ కాదు, ఇటు పూర్తి బైకూ కాదు. 2017 నాటికి అలాంటివి 10 కోట్లు తయారయ్యాయి. మోటారు వాహనాల్లో ఏ ఒక్క వరసా అంత సంఖ్యలో తయారవ్వలేదు. లోకంలో రెండు చక్రాల మీద పనికి వెళ్లేవాళ్లలో ఎంతోమంది ఇలాంటి చిన్న బండ్ల మీదే వెళ్తున్నారు. వాళ్లను లెక్కలోంచి తీసేసి, పెద్ద ఇంజిన్ ఉన్నవాళ్లం మాత్రమే అన్నదమ్ములం అనడం నాకు నచ్చదు. కిందపడితే మోకాలు చీరుకుపోవడానికి ఇంజిన్ ఎన్ని సీసీలైతేనేం?

నేనూ మొదట్లో స్కూటర్లను పలకరించలేదు. ఎవరూ పలకరించడం చూడలేదు, అందుకని. అది ఎలా మారిందో దారి పక్కన ఆగిన బండ్ల గురించి చెప్పేటప్పుడు చెప్తాను.

నేను స్కూటర్ మీద ఉన్నాను. నేనే ముందు పలకరించవచ్చా?

తప్పకుండా. ముందు ఎవరు అన్న నియమమేమీ లేదు.

ఎప్పుడు చేయి తీయకూడదు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతారంటే ఇదే చదవండి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. చేయి తీసి, చూపించి, మళ్లీ పిడి మీద పెట్టి, వేళ్లు లివర్ మీదికి చేర్చేసరికి సులువుగా రెండు సెకన్లు. అంటే 33 మీటర్లు ఒంటి చేత్తో నడిపినట్టు. ఎదుటి బండిదీ అదే వేగమైతే ఇద్దరూ సెకనుకు 33 మీటర్ల చొప్పున దగ్గరవుతారు. 100 మీటర్ల దూరంలో గుర్తుపట్టినా మీకున్నది మూడు సెకన్లే.

కాబట్టి మలుపులో చేయి తీయకండి. బండి వంగి ఉన్నప్పుడు రెండు చేతులూ కావాలి. తడి రోడ్డు, కంకర, ఇసుక, పట్టాలు, రోడ్డు అతుకులు ఉన్నచోట వద్దు. బలంగా గాలి వీస్తున్నప్పుడు, పెద్ద లారీ పక్కనుంచి వెళ్తున్నప్పుడు వద్దు, ఆ గాలి మొదట లోపలికి లాగి తర్వాత బయటికి నెడుతుంది. కూడలి దగ్గరపడుతున్నప్పుడు, గేరు మారుస్తున్నప్పుడు, బ్రేకు వేస్తున్నప్పుడు వద్దు. ముందు వాహనాన్ని దాటుతున్నప్పుడు అసలే వద్దు. వెనక మనిషి ఉంటే బండి తూకం మారుతుంది, అప్పుడు ఇంకా ఆలోచించండి.

తల ఊపడం కూడా కుదరని చోట్లు ఉంటాయి. అప్పుడు పిడి వదలకుండానే ఎడమ చేతి రెండు వేళ్లు ఎత్తండి. మీ అరచేయి అక్కడే ఉంటుంది, ఎదుటివాళ్లకు వేళ్లు కనిపిస్తాయి. నేను ఎక్కువగా వాడేది ఇదే.

నేను చేయి ఊపాను, వాళ్లు పట్టించుకోలేదు. ఏమనుకోవాలి?

ఏమీ అనుకోవద్దు. వాళ్లు గేరు మారుస్తుండవచ్చు, ముందున్న గుంతను చూస్తుండవచ్చు, ఎండ ఎదురుగా కొడుతుండవచ్చు. బండి ఎక్కి వారమే అయిన మనిషి కావచ్చు. ఏదో కబురు విని ఆస్పత్రికి పరుగెడుతుండవచ్చు. మీ పలకరింపు అంది, దానికి జవాబిచ్చేసరికి మీరు దాటిపోయి కూడా ఉండవచ్చు. చాలాసార్లు జరిగేది అదే.

ఊళ్లో ట్రాఫిక్‌లో కూడా అందరినీ పలకరించాలా?

వద్దు. ఎటు చూసినా బండ్లే ఉన్నచోట ఈ అలవాటు దానంతట అదే తగ్గిపోతుంది, తగ్గాలి కూడా. పల్లెలో ఎదురైన ప్రతి మనిషినీ పలకరిస్తాం, సంతలో అలా చేయం కదా. ఊరు దాటి రోడ్డు ఖాళీ అయ్యాక, బండికీ బండికీ మధ్య దూరం పెరిగాక, పలకరింపు మళ్లీ మొదలవుతుంది.

సిగ్నల్ దగ్గర పక్కపక్కన ఆగినప్పుడు తల ఊపితే బాగుంటుంది. ఆ అర నిమిషంలో అవతలి బండిలో ఏదైనా తేడా కనిపిస్తే చెప్పండి. వెనక లైటు వెలగట్లేదని, టైరులో గాలి తగ్గిందని, హెల్మెట్ బకిల్ పెట్టుకోలేదని. పచ్చ లైటు పడగానే మీ దారిన మీరు. పలకరింపు పందెంగా మారకూడదు, ఇంజిన్ రేజ్ చేసి చూపించడం పలకరింపు కాదు.

సైడ్ స్టాండ్ తీయనివాళ్లను చూశాను. ఎలా చెప్పాలి?

ఇది అన్నింటికంటే పనికొచ్చే పలకరింపు. స్టాండ్ కిందికి ఉండగా ఎడమకు వంగితే అది నేలకు తగిలి బండిని ఎత్తి పడేస్తుంది. కొత్త బండ్లలో చాలావాటికి స్టాండ్ తీయకుండా గేరు వేస్తే ఇంజిన్ ఆగే ఏర్పాటు ఉంది, పాతవాటికి లేదు. మీరు పక్కకి వచ్చి అరిస్తే సగం మందికి హెల్మెట్‌లో వినపడదు. చిన్నగా ఒకసారి హారన్ కొట్టి, వాళ్లు చూశాక, మీ ఎడమ పాదాన్ని వెనక్కి తన్నుతున్నట్టు చూపించండి. లేదా వేలితో వాళ్ల స్టాండ్‌నే చూపించండి. అర్థమవుతుంది. వేలాడుతున్న కండువా, జారుతున్న సంచి, ఆరకుండా కొట్టుకుంటున్న ఇండికేటర్ కూడా ఇలాగే. ఇండికేటర్‌కి అయితే చేతి వేళ్లు, బొటనవేలు కలిపి తెరిచి మూస్తారు, మినుకుమినుకుమన్నట్టు.

లైటు కొట్టి పలకరించవచ్చా?

నేను వద్దనే చెప్తాను. హెడ్‌లైట్ ఒకసారి కొడితే ఒకచోట 'నువ్వు వెళ్లు' అని, ఇంకోచోట 'నేను వస్తున్నా, ఆగు' అని. ఈ రెండు అర్థాలు కలిసినచోట ప్రమాదం. బ్రిటన్ హైవే కోడ్‌లో 110వ నియమం అందుకే, మీరు అక్కడ ఉన్నారని తెలియజేయడానికి తప్ప ఇంకే సందేశానికీ లైటు కొట్టవద్దంటుంది. రాత్రి పూట అయితే పలకరింపు పేరుతో ఎదుటివాళ్ల కళ్లు బైర్లు కమ్మేలా చేసినవాళ్లమవుతాం.

హెల్మెట్ మీద అరచేత్తో తట్టి చూపించారు. ఏమిటది?

చూపించింది ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్ని దేశాల్లో ఎదురొచ్చే బండివాళ్లు అలా తడితే ముందు పోలీసులున్నారు, నెమ్మదించు అని. అమెరికాలో మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ గుంపు ప్రయాణాలకు నేర్పే సైగల్లో మాత్రం అదే తట్టడానికి 'నీ హెడ్‌లైట్ హై బీమ్‌లో ఉంది' అని అర్థం. రెండింటికీ మీరు చేయాల్సింది దాదాపు ఒకటే: వేగం తగ్గించండి, లైటు చూసుకోండి.

అదే సంస్థ నేర్పేవాటిలో గుర్తుంచుకోదగ్గవి ఇంకొన్ని ఉన్నాయి. రోడ్డు మీద ఎడమ పక్క ప్రమాదం ఉంటే ఎడమ చేత్తో, కుడి పక్క ఉంటే కుడి పాదంతో చూపిస్తారు. అరచేయి కిందికి పెట్టి చేతిని నెమ్మదిగా దించితే నెమ్మదించమని. పెట్రోల్ కావాలంటే వేలితో ట్యాంకును చూపిస్తారు. ఒక వేలు పైకెత్తితే ఒకే వరసలోకి రమ్మని. గుంపులో బయల్దేరే ముందు ఈ సైగలు అందరూ ఒకసారి చేసి చూసుకోవాలి. ఒక్కొక్కరు ఒక్కోలా నేర్చుకుని ఉంటారు.

గుంపుగా వెళ్తున్నాం. ఎదురొచ్చే ఒంటరి బండికి అందరం చేయి ఊపాలా?

ముందున్న మనిషి ఊపితే చాలు, మిగతావాళ్లు తల ఊపవచ్చు. ఇరవై చేతులు వరసగా లేస్తే ఆ ఒంటరి మనిషి ఇరవై మందికీ జవాబు చెప్పాలని తంటాలు పడతారు.

వెనక కూర్చున్నవాళ్లు పలకరించవచ్చా?

నడిపేవాళ్ల కంటే వాళ్లకే వీలు. కాకపోతే కిందికి చాపి మెల్లగా. వెనక సీట్లోంచి ఉన్నట్టుండి చేయి విసిరితే బండి ఊగుతుంది, నడిపేవాళ్లకు టెన్షన్.

దారి పక్కన ఆగిన బండి కనిపిస్తే?

వేగం తగ్గించండి. బొటనవేలు పైకెత్తి తల ఎగరేయండి, 'అంతా బాగానే ఉందా?' అని. వాళ్లూ బొటనవేలు చూపిస్తే, ఫోను మాట్లాడుతున్నారో, నీళ్లు తాగుతున్నారో, చూసి వెళ్లిపోండి. చేయి అడ్డంగా ఊపితే ఆగండి. హెల్మెట్‌ను బండి వెనక రోడ్డు అంచున నేల మీద పెట్టారంటే సాయం కావాలని కొన్నిచోట్ల గుర్తు. ఆగేటప్పుడు వాళ్లను దాటి, రోడ్డు దిగి, ఇండికేటర్లు వేసి ఆపండి. మలుపులో ఆగితే మీకూ వాళ్లకూ ప్రమాదమే. అనుమానంగా అనిపిస్తే, రాత్రయితే, ఒంటరిగా ఉంటే ఆగకుండా ముందుకెళ్లి ఫోన్ చేసి చెప్పడం కూడా సాయమే.

ఇప్పుడు నా సంగతి. ఒకసారి రాత్రి ఎనిమిది దాటాక, ఊళ్లు లేని రోడ్డు మీద నా బైకు హెడ్‌లైట్ ఆరిపోయింది. ఫ్యూజు పోయిందని చీకట్లో తడిమితే తెలిసింది, స్పేర్ లేదు. ఫోన్ టార్చి హ్యాండిల్‌కు కట్టి చూశాను, రెండు గజాలు కూడా కనిపించలేదు. పెద్ద బైకులు నాలుగైదు దాటిపోయాయి. వేగంలో ఉన్నాయి, చూశాయో లేదో. తర్వాత ఒక పాత స్కూటర్ వచ్చి ఆగింది. ముందు రెండు కూరగాయల సంచులు, హెల్మెట్ అద్దం నిండా గీతలు. నేను చెప్పింది విని ఆయన ఒక్క మాటే అన్నారు: 'నా వెనకే రండి.'

ముప్పై కిలోమీటర్ల వేగం దాటకుండా నడిపారు. నాకు కనిపించిందల్లా ఆయన వెనక లైటు, దాని చుట్టూ గుండ్రంగా ఎర్రటి రోడ్డు ముక్క. గుంత రాబోతుంటే అది ఉన్న పక్క కాలిని చాపేవారు. ఎడమ గుంతకు ఎడమ కాలు, కుడి గుంతకు కుడి కాలు. మొదటిసారి అర్థం కాక గుంతలో పడ్డాను, రెండోసారి నుంచి తప్పుకున్నాను. స్పీడ్ బ్రేకర్ వస్తే బ్రేకు లైటు రెండుసార్లు టకటకా వెలిగించేవారు. అలా పన్నెండు కిలోమీటర్లు. ఊరు మొదట్లో వీధి దీపాలు రాగానే నేను పక్కకి వెళ్లి చేయి కలపబోయాను. ఆయన తల ఒక్కసారి ఊపి సందులోకి తిరిగి వెళ్లిపోయారు. మొహం చూడలేదు, పేరు తెలియదు.

పలకరింపులో ఒక మాట ఇచ్చినట్టు ఉంటుందని పైన అన్నాను. నాకు ఆ మాట నిలబెట్టిన మనిషి స్కూటర్ మీద వచ్చారు, అదీ నేను ఎన్నడూ పలకరించని స్కూటర్. అప్పటి నుంచి ఇప్పటివరకు ఖాళీ దారిలో ఎదురైన ఏ స్కూటర్‌నూ వదల్లేదు. రెండు ఫ్యూజులు, చిన్న టార్చి ఎప్పుడూ సీటు కిందే ఉంటాయి, నాకోసమే కాదు.

ఆడవాళ్లం. పలకరిస్తే తప్పుగా అర్థం చేసుకుంటారేమో?

ఈ ప్రశ్న చాలామంది అడిగారు, ఇలా అడగాల్సి రావడమే బాధగా ఉంది. ఎదురుగా వచ్చి దాటిపోయేవాళ్లకు తల ఊపడంలో ఇబ్బంది దాదాపు ఉండదు, రెండు క్షణాల్లో ఇద్దరూ చెరో దారి. ఒకే దిక్కున పక్కపక్కన వెళ్లేవాళ్ల విషయంలో మీ మనసు ఏం చెప్తే అదే చేయండి, పలకరించకపోయినా ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. మగవాళ్లకు ఒక మాట: పలకరించాక దాటి వెళ్లిపోవాలి. వెనక్కి తిరిగి రావడం, పక్కనే నడపడం, వేగం తగ్గించి ఎదురుచూడటం పలకరింపు కాదు, వెంటపడటం.

ఎలక్ట్రిక్ స్కూటర్లు, సైకిళ్లు, మూడు చక్రాల బండ్లు?

అందరినీ. సైకిల్ మీద వెళ్లేవాళ్లకు మనకున్న రక్షణ కూడా లేదు. వాళ్లను పలకరించడం కంటే ముందు దూరంగా దాటండి, అప్పుడు తల ఊపండి. ఎలక్ట్రిక్ బండ్లకు చప్పుడు ఉండదు కాబట్టి వాళ్లు మిమ్మల్ని చూశారని తెలియడం, మీరు వాళ్లను చూశారని తెలియడం ఇద్దరికీ మేలు.

బండి ఇప్పుడే నేర్చుకుంటున్నాను. ఎప్పటి నుంచి పలకరించడం మొదలుపెట్టాలి?

తల ఊపడం మొదటి రోజు నుంచే. చేతికి తొందర లేదు. ఖాళీ మైదానంలోనో, వాహనాలు లేని తిన్నటి రోడ్డు మీదో నెమ్మదిగా వెళ్తూ ఎడమ చేయి పిడి మీంచి ఒక్క అంగుళం ఎత్తి చూడండి. హ్యాండిల్ కదిలిందా? కదిలితే మీ బరువంతా చేతుల మీద వేసి కూర్చున్నారన్నమాట. తొడలతో ట్యాంకును పట్టుకుని, స్కూటర్ అయితే పాదాలు రెండూ పలక మీద గట్టిగా ఆనించి, నడుము నిటారుగా పెట్టి మళ్లీ చేయండి. చేయి ఎత్తినా బండి తన దారిన తాను పోతుంటే, చూడకుండానే వేళ్లు తిరిగి లివర్‌ను అందుకుంటుంటే, అప్పుడు రోడ్డు మీద మొదలుపెట్టండి.